సీతాకోక చేపకి చెక్ ట్రే

చదువు నన్ను ఏడో తరగతిలో వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ వెతుక్కుంటూ రాలేదంటే, దానికీ నా మీద పెద్ద ఆశలేం లేవన్నమాట. అయినా మా బావగారి పక్కన నిలబడితే నేనూ కాస్త చదువుకున్నవాడిలాగే కనిపిస్తాను.

ఆయనకి ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. రొయ్య బతికితే తన తెలివి, చస్తే వాతావరణం. అమలాపురంలో ఇంటి హాల్లో గోడంత గాజుతొట్టి పెట్టించి ఉప్పునీళ్లూ సముద్రపు రాళ్లూ నింపారు. ఇంటికొచ్చినవాళ్లు కాఫీ తాగేలోగా దాని పొడవూ వెడల్పూ రెండేసిసార్లు వినాలి. సాయంత్రం టిఫినుకి వెళ్తాను కాబట్టి నేను రోజూ వినాలి. బడికి అంత హాజరు వేసుంటే ఈపాటికి ఏదో ఒకటి అయ్యేవాణ్ణి.

ఆ తొట్టిలో అక్కకి కావలసింది ఒక్కటే, అనిమోన్. చూడ్డానికి పువ్వు, నిజానికి నోరున్న జంతువు. చిన్న రొయ్యముక్క పట్టకారుతో అందిస్తే రేకులన్నీ ముడిచి లోపలికి లాక్కునేది. దాని మధ్యలో నారింజరంగు చేప ఒకటి కాపురం ఉండేది. అక్క తన కాఫీ గ్లాసు తెచ్చుకుని వాటి ముందే కూర్చునేది.

బావగారికి అది చాలలేదు. పసుపురంగు సీతాకోక చేపని తెచ్చారు. అనిమోన్ ఉన్న తొట్టిలో వద్దని అమ్మినవాడు చెప్పాడట. చేపల సంగతి ఈయనకి ఇంకొకడు చెప్పడమా!

మర్నాటి నుంచే ఆ చేప మూతి సాచి పువ్వుని పొడవడం మొదలెట్టింది.

"ఏవండీ, అది నా పువ్వుని కొరుకుతోందండీ," అంది అక్క.

"కొరకడమేంటే? ముద్దెట్టుకుంటోంది," అన్నారాయన.

అనుమానం తీర్చడానికి చెరువు విద్య బయటికి తీశారు. రొయ్యల చెరువుల్లో చెక్ ట్రే అని ఒక పళ్లెం ఉంటుంది. అందులో మేత వేసి నీళ్లలోకి దించి, కాసేపాగి పైకి లాగి చూస్తారు. మేత అయిపోతే రొయ్య బాగున్నట్టు, మిగిలితే జబ్బు చేసినట్టు. అలాంటిదే బుల్లి పళ్లేనికి తాడు కట్టి తొట్టిలోకి దించారు. మేత మేతలాగే తిరిగొచ్చింది.

"చూసేవా? మేతే ముట్టని చేప నీ పువ్వునేం తింటాది? నలతగా ఉంది పాపం," అని చెరువులకి వాడే విటమిన్ పొడి మేతలో కలిపారు. అదీ తిరిగొచ్చింది. చేప మాత్రం కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది.

"ఉపవాసం ఉందేమోనండి బావగారూ, కార్తీకమాసం కదా," అన్నాను.

"ఆయ్, నీకన్నీ వేళాకోళమేనోయ్," అంటూ పళ్లెం మళ్లీ దించారు.

పళ్లెం నిండుగా పైకొస్తూనే ఉంది, పువ్వు తరిగిపోతూనే ఉంది. చివరికి నమిలి ఊసిన కిళ్లీలా మిగిలింది. ఇల్లు పోయిన నారింజ చేప గాలిగొట్టం దగ్గర తచ్చాడుతోంది. అక్క ఎవరినీ అడగలేదు. తొట్టిలో సగం నీళ్లు బిందెలకి తోడేసి, ఆ పళ్లెంతోనే సీతాకోక చేపని మూలకి నెట్టి, పట్టి బకెట్లో పడేసింది. బావగారు పక్కన నిలబడి తాడు చుట్టుకుంటున్నారు.

నా నోరు ఊరుకుంటుందా! "గడ్డిమేటులో పడి మేస్తున్న ఆవు కుడితి ముట్టలేదని డాక్టరుని పిలిచినట్టుందండి మీ వైద్యం. నాకు మొదటిరోజే తెలుసు," అన్నాను.

అక్క బకెట్ మీద మూత పెట్టి నావైపు తిరిగింది.

"తెలిసీ నోరు మెదపలేదురా నువ్వు? ఎందుకు మెదుపుతావులే, ఈ ఇంట్లో ఏపూటా మేత మిగలని పళ్లెం నీదొక్కటేగా!"