గడ్డం కదపకుండా జవాబు చెప్పండి

మా కళ్లద్దాల షాపు పెద్దాయనకు ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, ఏ రకమో తేల్చెయ్యాలి. లోకంలో మనుషులు పదహారు రకాలని ఎక్కడో చదివాడట. అంతే, ఇక పట్టిన పట్టు వదల్లేదు.

కంటి పరీక్షకు వచ్చినవాళ్లు యంత్రం మీద గడ్డం ఆనించేదాకా నోరు మెదపడు. ఆనించాక పారిపోయే దారి లేదు.

"కింది వరస చదవండి. గొడవైతే అరుస్తారా, అలుగుతారా?"

"అలుగుతానండీ. ఈ అక్షరం..."

"గడ్డం కదపకండి. పదకొండో రకం! అమ్మా, మీ ఆయన అలిగితే బతిమాలకండి. పక్కన కూర్చోండి చాలు."

"అయ్యో, ఇన్నేళ్లూ బతిమాలి చచ్చానండీ!" అని పక్కనున్న భార్య నెత్తి కొట్టుకుంది. అద్దాల నంబరు సంగతి ఇద్దరూ మర్చిపోయి వెళ్లిపోయారు.

నేను ఆ షాపులో ఫ్రేములు బిగించే పనికి కొత్తగా చేరాను. ఊళ్లో పలకరించే నాథుడు లేడు. అద్దె గదిలో వండుకుని, గోడకేసి చూస్తూ తినేదాన్ని. కొన్నాళ్లకు ఆ గోడ మీది పగుళ్లే చుట్టాలయ్యాయి. ఏడుపొచ్చేది. ఎవరితో చెప్పుకోను?

ఒకరోజు నన్నూ కూర్చోబెట్టాడు. ఏవేవో అడిగి, చివర్లో "రాత్రి అన్నం ఎవరితో తింటావమ్మా?" అన్నాడు. చెప్పాను.

"ఏడో రకం! చాలా అరుదు. ఈ ఊళ్లో ఇంకొక్కరే ఉన్నారు, వెనకవీధి దర్జీ ఆవిడ. వెళ్లి కలువు."

వెళ్లాను. దర్జీ అక్క నోరు తెరిస్తే మూయదు, నేను మూస్తే తెరవను. అయినా కుదిరింది. కొన్నాళ్లకు రిటైరైన నర్సమ్మ వచ్చింది, ఆవిడా ఏడో రకమే. ఆ వెనకే ఒక బస్సు డ్రైవరు. నలుగురం అక్క ఇంట్లోనే రాత్రి భోజనాలు మొదలుపెట్టాం.

నాకు అనుమానం వచ్చింది. "బాబాయ్ గారూ, అరుదన్నారు. అప్పుడే నలుగురం తేలాం. పైగా ఒకళ్లు తూర్పంటే ఒకళ్లు పడమరంటాం!"

"పుస్తకంలో ఏడో రకం ఏమిటో నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు ఆయన, అద్దం తుడుస్తూ. "నా లెక్కలో ఏడో రకమంటే ఒంటరిగా తినేవాళ్లు."

"మరి మీరెవరితో తింటారు?"

తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. షాపు వెనక ఆయన గదిలో కంచం ఒక్కటే ఉంది. పాపం, అందర్నీ అడిగే మనిషిని అడిగినవాళ్లే లేరు.

సంగతి విన్న దర్జీ అక్క ఆ సాయంత్రమే వచ్చి, ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. మా మధ్య కూర్చుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, చెయ్యి ఆపి మా మొహాలు చూశాడు.

"కొంప మునిగింది! ఇప్పుడు మనలో ఏడో రకం ఒక్కరూ లేరు. అందరికీ మళ్లీ పరీక్ష పెట్టాలి!"

"రేపు పెడుదురుగాని. ముందు కూర వేసుకోండి" అంది అక్క.