సార్ పేజీలో మా నాయన

డిగ్రీ చివరి ఏడాదంతా ఏదో ఒక కంపెనీలో పనిచేసి రావాలన్నది మా కాలేజీ నిబంధన. అలా నేను మాదాపూర్‌లో ఒక డిజిటల్ మార్కెటింగ్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరాను. పేరు మాత్రం పెద్దది. లోపలికి వెళ్తే పదిహేను కుర్చీలు, ఒక అద్దాల గది, ఎప్పుడు చూసినా పాలు అయిపోయి ఉండే కాఫీ మిషను. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ, అక్కడి నుంచి షేర్ ఆటో. మెడలో ఐడీ కార్డు వేసుకుని నేను బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చి చూసేది. ఆ చూపును ఇప్పుడు తలుచుకోవడం నాకిష్టం లేదు.

మొదట్లో నేను చేసిన పని చెబితే నవ్వుతారు. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లకూ పళ్ల డాక్టర్లకూ సోషల్ మీడియా పేజీలు మా కంపెనీయే నడిపేది. పండగొస్తే దీపం బొమ్మ పక్కన బిల్డరు లోగో అతికించాలి. పళ్ల డాక్టరు తరఫున యోగా దినోత్సవ శుభాకాంక్షలు చెప్పాలి. పళ్లకూ యోగాకూ సంబంధమేమిటని ఒకసారి అడిగాను. పక్క కుర్చీ అమ్మాయి నా వంక జాలిగా చూసింది. తర్వాత మళ్లీ అడగలేదు.

ఒకరోజు సార్ నన్ను అద్దాల గదిలోకి పిలిచారు. సార్ అంటే కంపెనీ యజమాని. రాయలసీమ మనిషి, నలభై దాటినవాడు, గొంతు పెంచి మాట్లాడటం ఎరగడు. ఆయన్ని దుర్మార్గుడని రాసే వీలుంటే నా ప్రాణానికి సుఖంగా ఉండేది. కానీ కాదు.

"జనం కంపెనీని నమ్మరు మ్మా, మనిషిని నమ్ముతారు. నా పేరు మీద పేజీ ఉంది గదా, దాంట్లో సోమవారం సోమవారం ఒక కథ రావాల. సదివితే మనసుకు తగలాల. ఇంతకుముందు రాసే పాప మానేసింది. నువ్వు తెలుగు బాగా రాస్తావంట గదా" అన్నారు.

"మీ జీవితంలో జరిగినవి చెప్పండి సార్, రాస్తాను" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. పాపం, నిజంగానే ఆలోచించారు.

"ఏముండాయి మ్మా. మా నాన్న బ్యాంకులో చేసినాడు. పొద్దున పోతాడు, సాయంత్రం వస్తాడు. నేను సదువుకున్నా. అంతే గదా."

సోమవారం వచ్చేసింది. నా చేతిలో ఏమీ లేదు. అప్పుడు మా నాయన గురించి రాశాను.

మా నాయన నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లకు నీళ్లు తోలేవాడు. అమ్మది నిజాంపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట పని, అప్పుడూ ఇప్పుడూ. సెలవు రోజుల్లో చంటిదైన చెల్లిని అమ్మ తనతో తీసుకుపోయేది, నన్ను నాయన ట్యాంకర్‌లో ఎక్కించుకునేవాడు. నాకు పదహారేళ్లప్పుడు ఆయన గుండెపోటుతో పోయాడు. చెల్లికి అప్పుడు నాలుగేళ్లు. దానికి నాయన అంటే గోడ మీది ఫోటో మాత్రమే. ఆదివారం నేను నూనె పెట్టి జడ వేస్తుంటే "నాయన ముచ్చట చెప్పవా అక్కా" అంటుంది. నా దగ్గర ఉన్నవీ తక్కువే. వాటినే తిప్పి తిప్పి చెప్పేదాన్ని. అలా చెబుతున్నంతసేపూ దానికి కూడా ఒక తండ్రి ఉండేవాడు. మా ఇంట్లో ఇంతకంటే విలువైనది ఇంకేదీ లేదు.

నేను మొదట రాసింది మంచినీళ్ల సంగతి. ఎండలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ట్యాంకర్ ఆపాం. నాకు దాహం. వెనక ట్యాంకు నిండా నీళ్లున్నాయి గానీ బోరు నీళ్లు, తాగడానికి పనికిరావు. నాయన దిగి, వాచ్‌మన్‌ను నా కోసం గ్లాసెడు మంచినీళ్లు అడిగాడు. ట్యాంకరంత నీళ్లు వెంట తెచ్చినవాడు గ్లాసు కోసం చేయి చాపి నిలబడటం నాకు వింతగా అనిపించి పకపకా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. జరిగింది అంతే.

సార్ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బ్రహ్మాండం మ్మా. అయితే ట్యాంకర్ మనకు కుదరదు, బోర్లేసే బండి అని పెట్టు. మా చిన్నాన్న బోర్ల బండి తిప్పినాడులే, ఉత్త అబద్ధమేం గాదు. పాప బదులు పిల్లోడు. ఇంగొకటి, సచ్చిపోయినట్టు రాయొద్దు. మా నాన్న బతికే ఉండాడు."

ఆ ఆఖరి మాట దగ్గర నేను పడిపోయాను. ఆ పేజీలో మా నాయన బతికే ఉంటాడు. డెబ్బై ఏళ్లొచ్చి, జుట్టు నెరిసి, కొడుకు ఆఫీసు చూసి మురిసిపోతుంటాడు. రాస్తున్నంతసేపూ నాకు హాయిగా ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. వారమంతా ఆదివారం కోసం చెల్లీ, సోమవారం కోసం నేనూ ఎదురుచూసేవాళ్లం.

చివర్లో పాఠం ఒకటి తప్పనిసరి. గ్లాసు నీళ్ల కథ కింద "మన దగ్గర ఎంత ఉందన్నది కాదు, కస్టమర్‌కు కావలసింది ఉందా అన్నదే వ్యాపారం" అని పెట్టాం. మా నాయన వింటే నన్ను ట్యాంకర్ దింపేసేవాడు. కానీ జనం విరగబడి చదివారు. మీ నాన్నగారికి పాదాభివందనం సార్ అని కామెంట్లు. వాటికి సార్ పేరుతో బదులు రాయాల్సింది కూడా నేనే. "నాన్న దీవెనలు మీ అందరికీ" అని టైప్ చేసి, తర్వాతి కామెంటుకు వెళ్లేదాన్ని.

పేజీ పెరిగాక పద్ధతి మారింది. ఒక్కో కథను మూడు రకాలుగా రాయాలి. భోజనాల వేళ అందరికీ చూపించి, ఎక్కువమంది ఏది బాగుందంటే అది పెట్టాలి. ప్రకటనలకు ఎప్పుడూ చేసేదే, కథలకు ఎందుకు చేయకూడదన్నారు సార్. నిజమే, సబ్బుకు చేసింది నాయనకు ఎందుకు చేయకూడదు?

వాన కథ అలాగే రాశాను. నాకు పదమూడేళ్లప్పుడు ఫ్లైఓవర్ మీద ట్యాంకర్ ఆగిపోయింది. కుండపోత వాన. క్యాబిన్ పైకప్పు కారి నేను తడిసి ముద్దవుతుంటే, నాయన నా తల మీద ఏదో కప్పి తను వానలో ఇంజను బాగుచేశాడు. ఒక రకంలో ఒంటి మీది చొక్కా విప్పి కప్పాడని రాశాను. ఇంకోదాంట్లో సీటు కింది ప్లాస్టిక్ పట్టా. మూడోదాంట్లో గొడుగు తెరిచి నా చేతిలో పెట్టాడు. ఏది జరిగిందో అప్పటికి నాకు తెలుసు. తెలిసే మిగతా రెండూ కల్పించాను. పెరుగన్నం తింటూ అందరూ చేతులెత్తారు. గొడుగు గెలిచింది, బొమ్మ బాగా వస్తుందని.

అలా నాయన ముచ్చట్లన్నీ ఒకదాని వెనక ఒకటి మూడేసి ముక్కలయ్యాయి. నా పని మెచ్చుకోని రోజు లేదు. "ఎక్కడి నుంచి వస్తాయండీ మీకివన్నీ" అని కోస్తా నుంచి వచ్చిన డిజైనర్ అడిగేది. అసలు సంగతి సార్ చెప్పిందే, మిగతాది ఊహించి రాస్తున్నానని చెప్పేదాన్ని.

ఎండాకాలం మొదట్లో సార్ వాళ్ల నాన్న ఆఫీసుకు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ఆరోగ్యంగా ఉన్న మనిషి. మావాళ్లలో ఇద్దరు లేచి ఆయన కాళ్లకు దండం పెట్టారు. ఒకతను బోర్ల బండి గురించి అడిగాడు. పెద్దాయన ఏమీ అర్థం కాక నవ్వి, "నాకు స్కూటరే సరిగా రాదు నాయనా" అన్నారు. అందరూ అది నిరాడంబరత అనుకున్నారు. తర్వాత ఆయన నా కుర్చీ పక్కన ఆగి, "ఏ ఊరమ్మా? నాన్న ఏం చేస్తాడు?" అని అడిగారు.

"లేరండి" అన్నాను.

"అయ్యో" అని నా తల మీద చేయి పెట్టారు. మంచి చేయి, వెచ్చగా ఉంది. ఆ చేతిని విసిరి కొట్టాలనిపించింది. నా నాయన బతుకంతా ఈ మనిషికి తొడిగాను, ఈయనకు అది ఒంటికి కూడా పట్టలేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి, ఏడుద్దామని నిలబడి, ఏడుపు రాక తిరిగి వచ్చాను. నాకు నిజంగా భయమేసింది అప్పుడే. నాయనను తలుచుకుంటే ఇదివరకు ఏడుపొచ్చేది. ఇప్పుడు, ఈ ముచ్చట ఇంకా పేజీలో పెట్టలేదు కదా, వచ్చే సోమవారానికి పనికొస్తుంది అనిపిస్తోంది.

ఏడాది పూర్తయ్యే ముందు సార్ మళ్లీ అద్దాల గదిలోకి పిలిచారు. ఉద్యోగం ఇస్తామన్నారు. మా బ్యాచ్‌లో అలా పిలిచి ఇచ్చింది నాకొక్కదానికే.

"నాన్న మీద సాలు మ్మా, అయిపోయినాయి. ఇంగ అమ్మ మీద మొదలుపెడదాం" అన్నారు, ఎంతో ప్రేమగా.

ఆలోచించుకుని చెబుతానని వచ్చాను. మళ్లీ వెళ్లలేదు. దాన్ని ఆత్మాభిమానం అనుకోవద్దు. ఇంటికొచ్చేసరికి అమ్మ గిన్నెలు తోముతోంది. ఆ చేతులను చూస్తుంటే నాకు మూడు రకాల వాక్యాలు తట్టాయి. వాటిని ఆపడం నా వల్ల కాలేదు. అందుకే వెళ్లలేదు.

ఆ ఆదివారం పొద్దున చెల్లికి జడ వేస్తున్నాను. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "వాన ముచ్చట చెప్పవా అక్కా" అంది చెల్లి. చెప్పాను. ఫ్లైఓవర్, ఆగిపోయిన ట్యాంకర్, కుండపోత. నాయన గొడుగు తెరిచి నా చేతిలో పెట్టాడన్నాను.

అమ్మ తల ఎత్తింది. "గొడుగేడిదే బిడ్డా? మనింట్ల గొడుగే లేకుండె. మీ నాయన పోయినంక కదా కొన్నది."

"అవును, గొడుగు కాదు. పట్టా. సీటు కింద పట్టా ఉండేది" అన్నాను.

"పోయినసారి అంగీ అన్నవు కదా" అంది చెల్లి.

దువ్వెన అలాగే పట్టుకుని ఆలోచించాను. చొక్కా గుర్తొచ్చింది, తడి బట్ట వాసనతో సహా. పట్టా కూడా గుర్తొచ్చింది, దాని మీద వాన పడుతున్న చప్పుడు. గొడుగు లేదని అమ్మ చెబుతున్నా, నా వేళ్లకు దాని పిడి తెలుస్తూనే ఉంది. మూడింట్లోనూ నాయన మొహం ఒకేలా ఉంది. వీటిలో ఒకటి జరిగింది, రెండు నేను రాశాను. ఏది ఏదో నాకు తెలియలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకూ తెలియదు.

"నీకు యాదికున్నదా అమ్మా? ఆ దినం ఇంటికొచ్చినంక నాయన నీకేమన్న చెప్పిండా?" అని అడిగాను.

"నాకేం ఎరుక బిడ్డా. నేను హాస్టల్ల ఉంటి, ఇది నా చంకల ఉండె. బండ్ల మీరిద్దరే కదా ఉన్నది" అంది అమ్మ, మళ్లీ చిక్కుళ్ల మీదికి వంగుతూ.

చెల్లి నా వైపు తిరిగింది. సగం వేసిన జడ నా చేతిలోంచి జారి విడిపోయింది. చెల్లి జుట్టు వెనక్కి తోసుకుని, "ఏంగాదు అక్కా, గొడుగుదే మంచిగుంది. అదే ఉంచు" అంది.

సరేనన్నాను.