అవ్వ ఆకుపచ్చ ముఖం

పోయిన వారం ఆత్మకూరు నుంచి అన్న ఫోన్ చేశాడు. అన్నంటే మా పెదనాయన కొడుకు. నేను ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు కూడా ఫోన్ చేయని మనిషి. హైదరాబాదులో చదువుకుంటున్న ఆయన మనవరాలు ఏదో బొమ్మల ప్రదర్శనకు వెళ్ళిందట. అక్కడ ఆకుపచ్చ ముఖమున్న ఆడమనిషి పటం ముందు జనం మూగి ఉన్నారట. వేసింది ఒకప్పటి మన ఉదయగిరి డ్రాయింగు అయ్యవారట. "అట్టాంటిదే మనింట్లో కూడా ఉండాది గదమ్మా! అది ఆయన వేసిందేనని చూసినోళ్ళెవరన్నా చెప్తేనే దానికి విలువంట. నువ్వు పక్కనే కూర్చోని చూసినావు గదా" అన్నాడు. "మనిల్లు" అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ పటం ఆ ఇంటికి ఎట్లా చేరిందో ఆయనకు గుర్తు లేకపోవచ్చు. నాకుంది.

తొంభైల మొదట్లో ఆ అయ్యవారు ఉదయగిరిలో మా అవ్వ ఇంటి ముందుగదిలో అద్దెకుండేవాడు. మా వాళ్ళ దృష్టిలో డ్రాయింగు అయ్యవారంటే పిల్లలకు మామిడికాయా జెండా గీయడం నేర్పి జీతం తీసుకునే మనిషి. నేను సీతారామపురంలో టీచరుగా చేస్తూ ఎండాకాలం సెలవులకు అవ్వ దగ్గరకు వచ్చేదాన్ని. అవ్వ వసారాలో చింతపండు గింజ తీస్తుంటే ఆయన ఎదురుగా కూర్చుని వేశాడు. ముఖం ఆకుపచ్చ, వాన వెలిశాక ఉదయగిరి కొండకు వచ్చే రంగు. ముక్కు ఒకే ఒక్క గీత. చేతులు తలకంటే పెద్దవి. ఎడమ కన్ను పూర్తిగా తెరిచి, కుడి కన్ను సగం మూసి ఉంటుంది. ఎదుటి మనిషి అబద్ధమాడుతున్నాడని తెలిసినప్పుడు అవ్వ అట్లాగే చూసేది. మా కుటుంబంలో ఆ చూపు అవసరం లేని రోజంటూ ఉండేది కాదు.

పెదనాయన దాన్ని చూసి, "పాము కరిచిన మనిషిని ఎవురన్నా గోడకు తగిలిస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. కెమెరా కనబడితే మొహం తిప్పుకునే మనిషి, జన్మలో ఒక ఫోటో దిగలేదు. "ఫోటోవోడు నవ్వమంటాడు. ఈ అయ్యవారు నన్నేమీ అడగలా" అంది. చెక్క గరిటెలు చేసే సాయిబు దగ్గర మంచి చట్రం కట్టించి గోడకు పెట్టించింది. ఆ ఏడు క్రిస్మస్ భోజనాల దగ్గర, అందరూ వినేట్టు, నా భుజం మీద చెయ్యేసి, "నేను పోయినాక ఇది దీనికే. మీరెవురూ ముట్టుకోబాకండి" అంది. విన్నవాళ్ళలో పెదనాయన ఉన్నాడు. అన్న కూడా ఉన్నాడు, మాంసం ముక్క కొరుకుతూ.

అవ్వ పోయాక జ్ఞాపకార్థ ప్రార్థన రోజునే సామాన్లు పంచుకున్నారు. సీతారామపురం నుంచి ఉన్నవే రెండు మూడు బస్సులు. ఆ రోజు పొద్దుటిది రాలేదు. నేను చేరేసరికి గోడ మీద మేకు మాత్రం మిగిలింది. "రానోళ్ళకి భాగమేందమ్మా?" అన్నాడు పెదనాయన. బొమ్మ మీద ప్రేమతో తీసుకున్నాడనుకుంటారేమో, కాదు. చట్రం కోసం తీసుకున్నాడు. అందులో అద్దం బిగించుకుని గడ్డం గీసుకోవాలని ఆయన కోరిక. "అద్దం తెచ్చినరోజు బొమ్మ ఊడబీకి నీకిస్తాలే" అన్నాడు. వెళ్ళినప్పుడల్లా అడిగాను. వెళ్ళినప్పుడల్లా అద్దం దొరకలేదు. పటం వడ్ల బస్తాల వెనక గోడకు తిరిగి ఉండేది. దులపడానికైనా ముట్టుకోనివ్వలేదు.

తర్వాత కొన్నేళ్ళకు అన్న ఆత్మకూరులో మేడ కట్టాడు. మేడ ఉన్నాక ముందుగదిలో పెద్దవాళ్ళ పటం ఒకటి ఉండాలి కదా. అవ్వకు ఫోటో లేదు. బస్తాల వెనక నుంచి పటం తీసి, బస్టాండు దగ్గర లారీల వెనక నెమళ్ళు వేసే ఆయనకిచ్చి, "కొంచెం సరిచెయ్యి" అన్నారు. ఆయన సరిచేశాడు. గృహప్రవేశం ప్రార్థనకు వెళ్ళిన నాకు గోడ మీద గులాబీ రంగు బుగ్గలతో, సమానమైన రెండు కళ్ళతో, అవ్వ జన్మలో వేసుకోని కాసులపేరుతో ఒక ఆడమనిషి కనబడింది. అయ్యవారి సంతకం ఉన్న మూల లారీ ఆయన తన దుకాణం పేరు రాసుకున్నాడు. "ఇప్పుడు చూడు, ఎంత లచ్చనంగా ఉండాదో మీ అవ్వ!" అంది వదిన. చచ్చిపోయిన మనిషిని మళ్ళీ చంపడానికి రంగు డబ్బా చాలని ఆ రోజే తెలుసుకున్నాను.

అంతలో పాస్టరుగారు వచ్చి పటం ముందు ఆగాడు. "ఈ తల్లి బాప్తిస్మం తీసుకున్న మనిషేనా?"

"మా అవ్వేనండి. పాతకాలం నుంచి బాప్టిస్టులం" అన్నాడు అన్న.

"మరి ఈ బొట్టేంది నాయనా?"

లారీ ఆయన అలవాటు కొద్దీ నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టేశాడు. ఇంటినిండా జనం చూశారు, ఒక్కరికీ అది తట్టలేదు. అన్న బ్లేడు తెచ్చి, గుడ్డ కిరసనాయిల్లో ముంచి, అందరి ముందూ గీకాడు. బొట్టుతో పాటు గులాబీ రంగూ లేచిపోయింది. నుదుటి మధ్యన గుండ్రంగా ఆకుపచ్చ బయటపడింది. వదిన పరిగెత్తి వెళ్ళి, క్రిస్మసుకు మిగిలిన మెరుపు కాగితం నక్షత్రం తెచ్చి దాని మీద అంటించింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన తొందరగా ముగించాడు. నేను మూసుకోలేదు.

అదీ దాని చరిత్ర. ఫోన్లో అన్నతో, "వచ్చి చెబుతాను. ఎవరు వేశారో చెబుతాను, అవ్వ ఎవరికిచ్చిందో కూడా చెబుతాను" అన్నాను. "అది మాత్రం దేనికిలే ఇప్పుడు? ఎన్నేళ్ళయిందే! ఇంకా అదే పట్టుకోనుండావా?" అన్నాడు. అంతకంటే పట్టుకోవలసింది ఏమన్నా మిగిల్చారా అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. పెట్టేయనీ. నేను చెప్పనంతవరకు అది ఎవరి బొమ్మా కాదు, లారీ బొమ్మ.

నిరుడు ఆత్మకూరు పక్కనున్న ఏఎస్ పేట వెళ్ళివస్తూ అన్న ఇంట్లో మంచినీళ్ళకు ఆగాను. నక్షత్రం ఎప్పుడో రాలిపోయింది. గీకిన చోటి నుంచి లారీ రంగు పెచ్చులు లేచి, నుదురంతా, ఎడమ కనుబొమ్మ దాకా ఆకుపచ్చ తేలింది. అవ్వ సగం మూసిన కుడి కన్ను మాత్రం ఇంకా ఆ గులాబీ కింద ఉంది. గోరు తగిలిస్తే ఊడొచ్చేట్టుంది. తగిలించలేదు, వాళ్ళు పూసింది వాళ్ళ గోడ మీదే, వాళ్ళ కళ్ళ ముందే రాలాలి. ఆ కన్ను బయటపడి వాళ్ళను చూసే రోజుకు నేనుంటానో లేదో తెలియదు. కాలం న్యాయమే చేస్తుంది, కాకపోతే అడిగినవాళ్ళ ఆయుష్షు చూసి చేయదు.