తరుగు కలిపిన వరహాలరావు

వరహాలరావుకి ఎదురుపడిన మనిషి పేరు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు, ఏం పని చేస్తాడో అసలే అక్కర్లేదు. బరువు చెబితే చాలు. లోకమంతా "బాగున్నావా" అనే చోట ఆయన "ఎంతున్నావు?" అంటాడు. వయసనుకుని కొందరు, జీతమనుకుని కొందరు తడబడతారు. అప్పుడాయన ఓపిగ్గా, "కిలోల్లో," అంటాడు.

పై వీధిలో దేవీప్రసాద్ గారింటికి పెళ్ళిచూపులకని పార్వతీపురం నుంచి పెద్దమనుషులొచ్చారు. కాఫీ గ్లాసు చేతికందగానే వరహాలరావు పెళ్ళికొడుకు తండ్రికేసి వంగి, "అబ్బాయి ఎంతుంటాడండి?" అన్నాడు.

ఆయన కాస్త గర్వంగా, "అన్నీ పోనూ నలభై వేలండి," అన్నాడు.

"అంత బరువు ఏ బండీ మొయ్యదు బాబూ," అన్నాడు వరహాలరావు, నిజంగానే బెంగపడి.

జ్వరంతో మంచమెక్కిన వాళ్ళని చూడ్డానికి వెళ్ళినా ఇదే వరస. "ఎంతున్నావు? జొరం రాకముందు సెప్పు, ఒచ్చేకా సెప్పు." చర్చికెళ్ళే దారిలో పాస్టరు గారిని ఆపి అడిగాడు. పాస్టరు గారు చెప్పి, పైన బైబిలు బరువు కూడా కలిపి చెప్పాడు.

వీధి వాళ్ళు దీనికి పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆయన అరకు సంత పక్కన డిపోలో చింతపండూ, పసుపూ, కాఫీ గింజలూ తూచే ఉద్యోగం చేసి నిరుడే రిటైరయ్యాడు. సంతకొచ్చే వ్యాపారులు కొండవాళ్ళ సరుకు తూచి, తడుందనీ మట్టుందనీ బస్తాకి ఇంతని తరుగు తీసేసేవాళ్ళు. వరహాలరావు కాటా దగ్గర తరుగన్న మాటే లేదు. ముల్లు ఎక్కడాగితే అదే బరువు. "తరుగు తియ్యని వరాలు" అని ముంచింగిపుట్టు దాకా పేరు. అలాంటి మనిషికి కాటా దూరమైపోతే నోరు ఊరుకుంటుందా అని జనం సర్దుకున్నారు.

సర్దుకోనిది ఒక్కరే, ఎదురింటి యర్రమ్మ.

ఆ వీధిలో ఎవరింట్లో కుక్కరు కూసినా, ఏం ఉడికిందో, ఎవరొస్తున్నారని ఉడికిందో తెలియాలి యర్రమ్మకి. కుక్క మొరిగితే బయటికొచ్చి ఎవర్ని చూసి మొరిగిందో కనుక్కునే మనిషి. అలాంటిది, గుమ్మానికి ఎదురుగా ఉన్న మనిషికి పట్టిన పిచ్చికి కారణం తనకి తెలియదంటే ఎంత అప్రదిష్ట.

"జయా, మీ ఆయనకి ఏటయ్యిందే?"

"తెలిస్తే మందేయిద్దును వదినా," అనేది వరహాలరావు భార్య జయశ్రీ, చేట మొహానికి అడ్డం పెట్టుకుని.

ఎన్ని ఆరాలు తీసినా, యర్రమ్మ ఒక్క సంగతి మాత్రం తన దగ్గరే దాచుకుంది. కొండమీద ఊళ్ళో ఆవిడకి ఒక నేస్తం ఉంది, నీలవేణి. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో సంతలో పసుపు కొమ్ముల బుట్ట దగ్గర బేరమాడుతూ కలిశారు. బేరం తెగలేదు గానీ స్నేహం కుదిరింది. ఒకరికొకరు చీరలు పెట్టుకుని నేస్తం కట్టారు. నేస్తం కట్టాక పేరు పెట్టి పిలుచుకోకూడదు. ప్రాణమున్నంత కాలం "నేస్తం" అనే పిలుచుకోవాలి. కొండమీద మామిడి కొత్త పండగ చేసి, దేవతకి కొత్త కాయ పెట్టేదాకా ఎవరూ మామిడి ముట్టరు. ఏటా యర్రమ్మ కూడా ఆ పండగకి వెళ్ళి, నేస్తం చేతి ముక్క నోట్లో పడ్డాకే మామిడి తినేది.

నిరుడు అది తప్పింది. అంతకుముందు వానలకి కల్వర్టు అవతల రోడ్డు కొట్టుకుపోయింది. నీలవేణి జారిపడి తుంటి నొప్పితో సంతకి దిగడం మానేసింది. యర్రమ్మ మోకాళ్ళు కొండెక్కడం మానేశాయి. జీపు కల్వర్టు దగ్గరే ఆగిపోతుంది. ఓ గుంటడు బైకు మీద తీసుకెళ్తానని ఎక్కించుకుంటే మొదటి ఎత్తులోనే ఆవిడ వెనక్కి జారి తుప్పల్లో కూర్చుంది. ఆ గుంటడు ముందుకి చాలా దూరం వెళ్ళాక గానీ బండి తేలికైన సంగతి గమనించలేదు. డోలీ కట్టి మోసుకెళ్తామని కొండ ఊరివాళ్ళు కబురంపారు.

"నలుగురు మొయ్యడం ఒక్కసారే ఉంటాది. దానికింకా టైముంది," అని యర్రమ్మ తిరుగు కబురు పంపింది.

ఆ ఏడు ఆవిడ మామిడి ముట్టలేదు. జయశ్రీ ఆవకాయ పంపితే, "పులుపు పడదే," అని గిన్నె తిప్పి పంపింది. చింతపండు చారు రెండు గ్లాసులు తాగే మనిషికి పులుపు పడకపోవడమేమిటని ఎవరూ అడగలేదు. అలాంటివి అడగాల్సిన మనిషి ఆ వీధిలో యర్రమ్మే కదా మరి.

ఆ వేసవి చివర్లోనే వరహాలరావు పాత బండొకటి కొన్నాడు. కొండలూ గుట్టలూ ఎక్కే ఎత్తు మోటారుసైకిలు. విశాఖపట్నం కుర్రాడెవరో తిరిగి తిరిగి విసిగి అమ్మేసింది. పెరట్లో పనస చెట్టు కింద ఒంటెలా నిలబడింది. మనుషుల బరువులడగడం మొదలుపెట్టింది కూడా ఆ వారంలోనే. కానీ ఆ రెంటినీ ఎవరూ ముడిపెట్టలేదు.

"లద్దాఖ్ ఎల్తన్నాను," అన్నాడు. "రెండు పక్కలా పెట్టెలెట్టుకోడానికి క్యారియర్లు కావాల. నాను సొంతంగా వెల్డింగు నేర్సుకుని సేసుకుంటాను."

"సందు సివర ఉల్లిపాయలు తెమ్మంటే కాళ్ళు నొప్పులంటాడు. లద్దాఖంట," అంది జయశ్రీ.

బస్టాండు పక్కన పోలయ్య వెల్డింగు షాపులో చేరాడు. మొదటిరోజు రాడ్డు పైపుకి అంటుకుపోయింది. లాగితే పైపొచ్చింది. ఇంకా లాగితే కూర్చున్న స్టూలొచ్చింది. మర్నాడు పైపుకి బెజ్జం పడింది. దాన్ని పూడ్చబోతే ఇంకోటి పడింది. సాయంత్రానికి ఊదుకోడానికి పనికొచ్చేలా తయారైంది. వారం పోయాక మొదటి అతుకు పడింది. పోలయ్య వంగి చూసి, "బాబూ, ఇది అతుకా, పిచ్చుక రెట్టా?" అన్నాడు. కాలితో తంతే ఊడిపోయింది.

యర్రమ్మ ఊరుకుంటుందా? కర్ర పట్టుకుని కుంటుకుంటూ షాపు దాకా వెళ్ళింది.

"పోలీ, ఏటి సేత్తన్నాడ్రా మా వరాలు?"

"నాకేటి తెలుసు పిన్నీ. రాడ్డెలా పట్టాల, పైపు కాలిపోకుండా ఎలా అతకాల, అన్నీ అడుగుతాడు. ఏటి సేత్తన్నావంటే సెప్పడు. నా బరువు మాత్రం అడిగీసినాడు."

"ఎంతన్నావు?"

"ఎనబై." పోలయ్య తడిబట్టలతో నిలబడ్డా అరవై తూగడు.

లోపలి నుంచి వరహాలరావు, యర్రమ్మని అక్క వరసన పిలుస్తూ, అరిచాడు. "అప్పా, మంటకేసి సూడకు. కళ్ళు పోతాయి."

చూడొద్దన్నాక చూడకుండా ఉండే అలవాటు యర్రమ్మకి పుట్టాక లేదు. చేత్తో కళ్ళు మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి తృప్తిగా చూసింది. మర్నాడు లేచేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది. రెప్పలు పనసతొనల్లా ఉబ్బాయి. డాక్టరు చుక్కల మందిచ్చి, కళ్ళకి తడిగుడ్డ వేసి పడుకోమన్నాడు.

వరహాలరావు పలకరించడానికొచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, ఎంతున్నావు?"

యర్రమ్మకి ఒళ్ళు మండింది. కానీ ఊరందర్నీ అడిగినవాడు, తన్నొక్కర్తినే వదిలేస్తే అదీ నామోషీయే. తడిగుడ్డ కిందనుంచి గంభీరంగా, "నలబై ఎనిమిది," అంది.

ఆ మాటకి మంచం కిర్రుమంది.

"సరే," అన్నాడు వరహాలరావు. "మందు బేగి ఏసుకో," అని లేచెళ్ళిపోయాడు.

చలికాలం దాటేసరికి ఆయన అతుకులు పిచ్చుకని వదిలి జంతిక చుట్ట దాకా వచ్చాయి. ఒక అతుకుని పోలయ్య సుత్తితో కొట్టి చూస్తే సుత్తి పిడి ఊడింది గానీ అతుకు ఊడలేదు. క్యారియర్లు బండికెక్కాయి. కుడిపక్కది పెట్టె పెట్టుకునేలా పద్ధతిగానే ఉంది. ఎడమపక్కది చూసి యర్రమ్మకి నిద్ర పట్టలేదు. కింద మెట్టులాంటిదొకటి, దానిపైన వెడల్పాటి పలకొకటి. సీటుకి కుడివైపు, వీపు ఆన్చుకునేంత ఎత్తులో వంచిన కడ్డీ ఒకటి.

"ఇదేటిరా తమ్ముడూ, పెట్టెకి మెట్టెందుకు?"

"పెట్టె ఎక్కాల కదప్పా."

"పెట్టె దానంతటదే ఎక్కుతాదేటి?"

"లద్దాఖ్ పెట్టెలు అలాగే ఎక్కుతాయి."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే సీటు మీద బియ్యం బస్తా కట్టి, బండి కొండ దారిన తోలడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పోయాక బస్తా మీద చోళ్ళ మూట, అదే రాగుల మూట, చేరింది. ఆ పై వారం, ఏదో లెక్క తేలనట్టు తల గోక్కుని, జయశ్రీ రుబ్బురోలు మోయలేక మోసుకొచ్చి ఆ పలక మీద పెట్టి కట్టాడు.

యర్రమ్మ అరుగు మీంచి అంది, "లద్దాఖ్‌లో బియ్యం దొరకవేటి?"

"దొరుకుతాయి."

"రోలు దొరకదేటి?"

"ఆ రోలే ముఖ్యం అప్పా," అంటూ పోయాడు.

మామిడి కాయలు కనబడ్డాయి. శుక్రవారం సంతకొచ్చిన కొండ ఊరి సోములు యర్రమ్మ గుమ్మం ముందాగి కబురు చెప్పాడు. "ఎల్లుండే మామిడి కొత్త. నీ నేస్తం నిరుడు కూడా మామిడి ముట్టలేదు. నేస్తం రాకుండా ఈ ఏడూ ముట్టనంటంది. ఇంట్లోవోలు సెప్పినా ఇనట్లేదు."

ఆ సాయంత్రం యర్రమ్మ అరుగు మీద కూర్చుంది. వీధిలోంచి ఒక కొత్త మనిషి కొత్త గొడుగేసుకుని వెళ్ళాడు. ఎవరని అడగలేదు. రెండిళ్ళవతల కుక్కరు కూసింది. తల తిప్పలేదు. వీధికి భయమేసింది.

ఆదివారం తెల్లారగానే గుమ్మం ముందు బండి చప్పుడైంది.

"ఎక్కప్పా."

"ఎక్కడికిరా?"

"లద్దాఖ్."

"లద్దాఖ్‌కి నానెందుకు?"

"దార్లో మీ నేస్తం ఊరుంది."

యర్రమ్మ బండికేసి చూసింది. మోకాలు పెద్దగా ఎత్తకుండా అందే మెట్టు. పక్కకి తిరిగి కూర్చుంటే పాదాలు రెండూ ఆనేంత పలక. వీపు వెనక జారిపోకుండా కడ్డీ, దానికి జయశ్రీ పాత చీర మెత్తగా చుట్టి ఉంది.

"అంటే ఏడాది బట్టీ నువ్వు సెప్పే ఆ పెట్టె... నానేనా?"

జయశ్రీ ఇక ఆగలేక చేట కింద పడేసి నవ్వింది. "ఆవకాయ గిన్నె తిప్పి పంపిన్నాడే సంగతి మాకు తెలిసిపోనాది వదినా. కావల్సింది నీ ఒక్కర్తి బరువే. ఉత్తినే నిన్నడిగితే ఎందుకూ ఏటీ అని ప్రాణం తీస్తావు. సంగతి సెప్తే, నాకోసం ఎవులూ కష్టపడక్కర్లేదని తలుపేసుకుంటావు. అందుకని ముందు ఊరందర్నీ అడిగీసొచ్చినాడు."

"పోలయ్య సేత సేయించొచ్చు కదే."

"పోలయ్యకి సెప్తే మాపటికి నీకు తెలీదేటి? నీకు తెలీకుండా ఈ వీదిలో ఒక పనవ్వాలంటే ఎవుడి పని ఆడే నేర్సుకోవాల."

యర్రమ్మకి చాలా ప్రశ్నలొచ్చాయి. వాటిని తర్వాతకి దాచుకుని, మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి, ఆగిపోయింది. వరహాలరావు చెవిలో గుసగుసగా అంది.

"తమ్ముడూ. నాను నలబై ఎనిమిదన్నాను. అది..."

"తెలుసప్పా."

"ఇరిగిపోతేనో?"

"ఇరగదు. సర్వీసంతా ఎవుడి సరుక్కీ తరుగు తియ్యలేదు నాను. నీ సరుక్కి మాత్రం తరుగు కలిపినాను."

యర్రమ్మకి పొద్దున్న పూట కొండదారిన వెళ్ళే బండి కళ్ళ ముందు కనబడింది.

"బియ్యం బస్తా?"

"నువ్వు సెప్పింది."

"ఆ పైన సోళ్ళ మూట?"

"తరుగు."

"మరి రుబ్బురోలో?"

వరహాలరావు ఆకాశంకేసి చూశాడు. "అదీ తరుగేనప్పా."

కల్వర్టు దాటింది బండి. గోతుల్లో దిగి లేస్తుంటే యర్రమ్మ కడ్డీ పట్టుకుని అందరు దేవతలకీ మొక్కింది. నిరుడు తను కూర్చున్న తుప్పలు ఎదురొచ్చినప్పుడు మొహం అటు తిప్పుకుంది, తెలిసినవాళ్ళు కనబడ్డట్టు. అతుకులు కిమ్మనలేదు. ఆ ఎత్తు దాటగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"తమ్ముడూ, ఆ కొత్త రేకులు ఎవలివిరా? ఆ మిరియాల తోట సోములుదేనా? ఆళ్ళ కోడలు ఒచ్చీసిందా?"

"నాకేటి తెలుసప్పా. నాను రోడ్డు సూత్తన్నాను."

"రోడ్డు నానూ సూత్తన్నాను. సూత్తా సెప్పలేవేటి?"

నీలవేణి వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది, ఎండబెట్టిన పసుపు కొమ్ములా చిక్కిపోయి. బండి చప్పుడుకి తలెత్తింది. కర్ర వెతుక్కుంటూ లేవబోయింది.

"నేస్తం, ఒచ్చినావా?"

"లెగకు నేస్తం, ఒచ్చీసినాను. నాకు మెట్టుంది," అంటూ యర్రమ్మ రాణీగారిలా దిగింది.

దేవతకి కాయలు పెట్టారు. డప్పు మోగింది. నీలవేణి కత్తిపీట ముందుకి లాక్కుని ఒక కాయ కోసి, మొదటి ముక్క యర్రమ్మ నోట్లో పెట్టింది. రెండో ముక్క యర్రమ్మ ఆవిడ నోట్లో పెట్టింది. పులుపుకి ఇద్దరి మొహాలూ ఒకేలా ముడుచుకుపోయాయి. అలాగే కూర్చుని, ఏడాది కబుర్లు మొదట్నుంచీ అందుకున్నారు.

వరహాలరావు ఓ చెట్టు మొదట్లో కూర్చుని చోళ్ళ అంబలి తాగాడు. గిన్నె కింద పెట్టాడు. బండికేసి చూశాడు. తుంటి పట్టుకుని కూర్చున్న నీలవేణికేసి చూశాడు. వచ్చే శుక్రవారం సంతకేసి చూస్తున్నట్టు కాసేపు కిందికి, లోయకేసి చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, ఎంతున్నావు?"

నీలవేణి అర్థంకాక నేస్తంకేసి చూసింది.

"కిలోల్లో," అంది యర్రమ్మ. అందుకు కారణమేమిటని ఆవిడ ఈసారి అడగలేదు. నేస్తం దగ్గరికి జరిగి, చెవిలో ఊరంతటికీ వినబడేలా చెప్పింది.

"ఉన్నదున్నట్టు సెప్పీ నేస్తం. లేపోతే రుబ్బురోలు కలిపీగలడు."