అవ్వ చేతులకు జపమాల

మా ఇంట్లో రెండు బైబిళ్లు ఉండేవి. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపుది లావు, అవ్వది సన్నం. బాపు మా ఊరి కథోలిక గుడికి ఉపదేశి. ఆసిఫాబాద్ దాటాక పత్తి చేల మధ్య రేకుల కప్పు వేసిన చిన్న గుడి అది. ఫాదర్ నెలకు రెండు ఆదివారాలే వచ్చేవాడు. మిగతా రోజుల్లో ప్రార్థన చెప్పించేదీ, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన కూర్చునేదీ బాపే. అవ్వ చొప్పదండి దగ్గర మెథడిస్టుల ఇంట్లో పుట్టింది. వాళ్లకు గుడిలో నిలబెట్టే స్వరూపాలు లేవు, జపమాల లేదు. వాక్యమూ పాటా ఉంటే చాలు. వాళ్ల బైబిల్‌లో మాదానికంటే ఏడు పుస్తకాలు తక్కువ. "మీ బైబిల్‌కు పొట్ట పెరిగింది" అని బాపును ఏడిపించేది. "మీదానికే బువ్వ సరిపోలే" అనేవాడు బాపు.

పెళ్లితో అవ్వ మా గుడికి వచ్చేసింది. రోజూ సందెవేళ యేసు తిరుహృదయ పటం కింద అందరం కూర్చునేవాళ్లం. పటం వెనక మట్టల ఆదివారం నాటి ఈతాకు ఎండిపోయి వేలాడుతుండేది. బాపు తన నల్ల కొయ్యపూసల జపమాల తిప్పుతూ మరియమ్మకు చేసే మంగళవార్త జపం సగం చెబితే, మిగతా సగం మేం అందుకునేవాళ్లం. అవ్వా అందుకునేది, మా అందరికంటే గట్టిగా. కానీ పూసలు ముట్టేది కాదు. బొటనవేలితో వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టుకునేది. బాపు ఏ ఆలోచనలోనో పడి ఆగాల్సిన పది దాటి పోతే "అయిపాయె" అని ఆపేది ఆమే. నలభై ఏళ్లు అలాగే నడిచింది. దాన్ని ఎవరూ తప్పనలేదు.

ఇక నేను. నాకు నోరెక్కువ. బడిలో పాఠాలు చెప్పడం వల్ల వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉంది. పూజకు ఫాదర్ గంట ఆలస్యంగా వస్తే, అందరూ నవ్వుతూ దండం పెడుతుంటే నేను మాత్రం ఎందుకాలస్యమైందని అడిగేదాన్ని. బాపుకు తల కొట్టేసినట్టయ్యేది. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

పోయిన వానాకాలం అవ్వకు తిండి సయించడం మానేసింది. కరీంనగర్ ఆస్పత్రిలో పదిరోజులు ఉంచుకుని, కడుపులో గడ్డ ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఫాదర్ నూనె తెచ్చాడు, పోయేముందు రాసే చివరి అభ్యంగనానికి. అవ్వ వద్దంటుందేమో అనుకున్నాను. ఆమె నుదుటి మీద రాయించుకుంది, రెండు అరచేతులూ చాపింది. ఫాదర్ వెళ్లాక మెల్లగా అంది: "నూనె వాక్యంల ఉన్నది. దానికేం."

మర్నాడు పొద్దున తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో తెలియదు.

"నేను పోయినంక నా చేతులకు జపమాల కట్టనియ్యకు బిడ్డా."

మా వాళ్లలో అది ఆనవాయితీ. పోయినవారి చేతులు ఛాతీ మీద జోడించి, వేళ్ల చుట్టూ జపమాల చుడతారు. అది వాళ్లతోనే మట్టిలోకి పోతుంది.

"నోటితోని అందరి లెక్కనే చెప్పిన. చేతులతోని ఎన్నడు పట్టుకోలే. సచ్చినంక పట్టుకుంటే దేవుని ముందట అబద్ధమాడినట్టయితది. మీ బాపు మందికి భయపడ్తడు. నీకు నోరున్నది. నువ్వే చెప్పాలె."

సరే అన్నాను. నవ్వుతూ అన్నాను కూడా: ఊరంతా ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు ఉంటానని.

నాలుగో రోజు మధ్యాహ్నం అవ్వ పోయింది. చొప్పదండి నుంచి మామ, అవ్వ తమ్ముడు, వచ్చి శవపెట్టెకు కాళ్లవైపు నిలబడ్డాడు. ఇల్లంతా సంఘం ఆడవాళ్లు. బాపు జేబులోంచి జపమాల తీశాడు. మిగతావాళ్లకు గుడిలో ఇచ్చే ప్లాస్టిక్ పూసలే కట్టేవాడు. ఇవి తన నల్ల పూసలు, ఊళ్లో ప్రతి చావు మంచం దగ్గరా తిప్పినవి.

పెట్టె మీదికి వంగి ఆగాడు. తలెత్తి నావైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

ఒక్క మాట చాలు, "వద్దు బాపూ" అని. నాలుక చివరదాకా వచ్చింది. ఉపదేశి పెండ్లాం జపమాల లేకుండా పోయిందని రేపు ఊరు అనుకుంటుంది, నలభై ఏళ్లు ఆయన చెప్పిందంతా గాలికి పోతుంది అనిపించింది. "కట్టు ఉపదేశీ, పొద్దువోతున్నది" అంది వెనక నుంచి ఎవరో. నేను తల వంచుకున్నాను. థూ, నా నోరు. ఫాదర్‌ను నిలదీసిన నోరు.

తలెత్తేసరికి అవ్వ వేళ్లకు పూసలు మూడు చుట్లు చుట్టి ఉన్నాయి. మామ వాటినే చూశాడు. బయటికి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. సమాధుల దాకా కూడా రాలేదు.

సమాధి చేసిన మూడో రోజు సందెవేళ బాపూ నేనే పటం కింద కూర్చున్నాం. ఫాదర్ ఇచ్చిన కొత్త జపమాల కవర్లోనే ఉంది. బాపు దాన్ని తీయలేదు. బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అలవాటు లేదు కదా, మధ్యలో తప్పిపోయాడు.

"ఎన్నైనయ్ బిడ్డా?"

నేనూ లెక్కపెట్టలేదు. ఇక ఆగలేకపోయాను. అవ్వ అడిగిందీ, నేను సరే అన్నదీ, పెట్టె దగ్గర నోరు పడిపోయిందీ అంతా ఏడుస్తూ చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకెరుకనే" అన్నాడు బాపు. "నాకు గూడ చెప్పింది, కరీంనగర్‌ల ఉన్నప్పుడే."

"మరెందుకు కట్టినవ్ బాపూ?"

"గంత మందిల కట్టనని నాతోని చెప్పుడు కాలే. నీ దిక్కు చూసిన. ఇంట్ల నోరున్నదానివి నువ్వే గదా, వద్దంటవనుకున్న."

బాపు కళ్లు తుడుచుకుని, బొటనవేలిని చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. తన సగం అయ్యాక ఆగి, నా కోసం చూశాడు. నేను నా సగం అందుకోలేకపోయాను.