గింజలు ఎండబెట్టిన చీమలు

సోమరులారా, చీమను చూడండని ఇరవై ఏళ్లుగా బైబిలు వాక్యం పట్టుకొని గద్దిస్తున్నాను. డోన్ చుట్టుపక్కల నా గొంతు వినని ఊరు లేదు. ఈ ఉదయం మా పెరట్లో ఆరబోసిన కొర్రల పక్కనే చీమల పుట్ట కనిపించింది. దాని చుట్టూ గింజలు! దొంగలు దొరికారని చీమల మందు డబ్బా తెచ్చాను. గోడ అవతలి నుంచి, పొలం పనులకు పోయే సుంకమ్మక్క కేకేసింది.

"ఏం చేస్తాండావప్పా? అవి నీ కొర్రలు కాదు, గడ్డి గింజలు. రాత్రి వానకు తడిసిపోతే ఎండకేసుకుంటాండాయి."

"చీమలు ఎండబెడతాయా అక్కా?"

"ఇవి గింజల చీమలు. చక్కెరకొచ్చే చలిచీమలు వేరే, కరిచే గండుచీమలు వేరే. చీమలని మైకులో అంత అరుస్తావే, ఒక్కసారన్నా వంగి చూడలేదా?"

వంగి చూశాను. గడ్డి గింజలే. ఒక్కో చీమ తన తలకంటే పెద్ద గింజను నోట కరచుకొని బయటికి తెచ్చి, ఎండలో పెట్టి, మళ్లీ లోపలికి పోతోంది. దేవుడు వాటికెంత తెలివిచ్చాడో! డబ్బాకు మూత పెట్టేశాను.

మీ పెరట్లో ఎన్ని రకాల చీమలున్నాయి? చూసి చెప్పండి. చూడకుండా చెప్పే పని ఇన్నాళ్లూ నేను చేశాను.