లస్కరు వేషం

మా తాత దొరబాబుకి ఈ లోకంలో ఒక్కడే శత్రువు. పాలివాళ్లలో ఎవరూ కాదు, గట్టు తగాదా ఉన్నవాళ్లూ కాదు. పగటివేషాల గవరయ్య. పాపం ఆ గవరయ్య తాతని పల్లెత్తు మాట అనలేదు. చేసిందల్లా మా మామ్మ అచ్చాయమ్మని నవ్వించడం.

ఇంకా రైలు పట్టాలు పడని రోజులవి. కాలవ మీద పడవలే దిక్కు. తాత లాకు లస్కరు. తాత నీళ్లు నింపి, తలుపు తోస్తేనే దిగువ పడవ ఎగువకి ఎక్కేది. అందుకని పడవవాళ్లంతా తాతకి నేస్తాలే. "దొరబాబు నోరు విప్పితే సరంగు చుక్కాని వదిలేస్తాడు" అని చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం ఆ నోటికి దమ్మిడీ విలువ లేదు. అన్నం ముందు కూర్చుని తాత ఎంతటి హాస్యమాడినా మామ్మ నిదానంగా విని, "పులుసు పొయ్యనా అండీ?" అనేది.

అదే గవరయ్య వచ్చాడంటే ఎసట్లో బియ్యం వెయ్యడం మరిచి వీధిలోకి పరిగెత్తేది. కోతలయ్యాక ఏటా వచ్చేవాడతను. రోజుకో వేషం. ఓ రోజు చెవిటి వైద్యుడు, ఓ రోజు అత్త పోరు పడలేక కాశీకి బయల్దేరిన కోడలు. మామ్మ నవ్వు మొదలెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆ నవ్వు లాకు దాకా వినబడేది. తాత అక్కడ పళ్లు నూరుకునేవాడు.

వేషాలన్నీ అయ్యాక ఆఖరి రోజున మొహాన రంగు లేకుండా, మామూలు మనిషిలా గడప గడపకీ వచ్చి, ఎవరిచ్చింది పుచ్చుకుని వెళ్లడం వాళ్ల ఆనవాయితీ. అందరూ బియ్యమో పాత పంచో ఇస్తారు. ఓ ఏడు మామ్మ ఏమిచ్చిందో తెలుసా? తాత పెళ్లినాటి జరీ కండువా!

"పెట్టెలో చివికిపోతోందండీ. అతనైనా కప్పుకుంటాడు" అంది.

తాత ఆ పూట అన్నం మానేశాడు. మానేసిన సంగతి మామ్మ గమనించనే లేదు. కండువా పోయినదానికన్నా అదే ఎక్కువ మండింది.

మరుసటి ఏడు సామర్లకోట వైపు నించి గవరయ్య పడవ వస్తోందని తాతకి ముందే తెలిసింది. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేశాడు. ముందు తలుపులు తియ్యలేదు. నీళ్లూ వదల్లేదు. బావిలో చెంబులా పడవ అడుగునే ఉండిపోయింది.

"ఏంటండీ లస్కరుగారూ, పైకెక్కించరా?" అని అరిచాడు సరంగు.

"తలుపు పట్టేసింది. ఇవాళ కదలదు. కావాలంటే వెనక్కి పంపిస్తా, పొండి."

గవరయ్య విసుగెత్తి ఇంకో ఊరు చూసుకుంటాడని తాత ఎత్తు. కానీ వేషగాడికి జనం ఎక్కడుంటే అదే వీధి అన్న సంగతి మరిచాడు. ఆగిన పడవల వాళ్లు, రేవుకొచ్చిన ఆడవాళ్లు లాకు గోడల చుట్టూ చేరి లోపలికి తొంగి చూశారు. అడుగున గవరయ్య, చుట్టూ జనం. తాతే పందిరి వేసి పిలిచినట్టయింది.

గవరయ్య మూటలోంచి ఆ జరీ కండువా తీసి, అచ్చం తాతలా తలకి చుట్టాడు. తెరచాప కొయ్యకి వీపు ఆనించి నెడుతూ, "పట్టిసం వీరన్నా! నువ్వు తొయ్యి సామీ, నేను మూలుగుతా!" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. తాత చెవులు మాత్రం బిందెతో నిలబడ్డ మామ్మ వైపే ఉన్నాయి. ఆ నవ్వు రాలేదు. తాతకి ప్రాణం లేచొచ్చింది.

మామ్మ బిందె దింపింది. "అలా కాదు గవరయ్యా. అంతా తప్పే" అంది.

"ఎలాగో నువ్వు చెప్పు తల్లీ."

"మూలగరు. పెదవి బిగబడతారు, ఇదిగో ఇలా. తొయ్యబోయే ముందు తలుపుని రెండు తట్లు తడతారు, పాలివ్వని గేదెని తట్టినట్టు. తలుపు కదిలిందా, ఠక్కున మా ఇంటి వైపు చూస్తారు. నేను చూశానా లేదా అని!"

చెప్పడమే కాదు, చేసి చూపించింది. ఆ దొంగచూపుతో సహా. తాత ఎన్నేళ్ల నించి చూస్తున్నాడో ఆ చూపు! ఒక్కనాడూ ఆవిడ కంటబడలేదనే అనుకున్నాడు.

మొహం కందగడ్డలా చేసుకుని తాత నీళ్లు వదిలాడు. పట్టేసిన తలుపు భేషుగ్గా పనిచేసింది. నీళ్లతో పాటు పడవా, పడవతో పాటు గవరయ్యా మెల్లగా పైకి తేలారు. గట్టుకి సమంగా వచ్చాక గవరయ్య పెదవి బిగించి, కొయ్యని రెండు తట్లు తట్టి, ఠక్కున మా ఇంటి వైపు చూశాడు.

అప్పుడొచ్చింది మామ్మకి నవ్వు. బిందె దొర్లి కాలవలో పడినా ఆగలేదు.

ఆ సాయంత్రం తాత పెరటి తలుపు దగ్గర నిలబడి మామ్మ వచ్చేదాకా కాచుకున్నాడు. పెదవి బిగించాడు. తలుపుని రెండు తట్లు తట్టాడు. ఠక్కున చూశాడు.

"అన్నం చల్లారిపోతోందండీ" అంది మామ్మ.

"నవ్వు రాలేదేమే? వాడు చేసింది నన్నే కదా! నేనే చేస్తే నవ్వవేం?"

"మీరు చేస్తే తలుపు తెరుచుకుంటుంది. నవ్వెందుకొస్తుందండీ?"

ఆ పైన గవరయ్య లస్కరు వేషం డెల్టా అంతటా పేరు మోసింది. అక్కడ వేశాడు, ఇక్కడ వేశాడు అని పడవవాళ్లు చెప్పినప్పుడల్లా తాత ఛాతీ సగం పొంగేది, కడుపు సగం మండేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అడిగేవాడు.

"ఏమే, నాకన్నా వాడే నన్ను బాగా చేస్తాడా?"

"కాస్త" అనేది మామ్మ, పులుసు పోస్తూ.